‘సెట్టయిపోద్ది’ అనకండి, కొలిచి చెప్పండి

విశాఖపట్నం బైక్ స్పేర్‌పార్ట్స్ దుకాణదారులకు, లేత్ మేస్త్రీలకు, మెకానిక్‌లకు ఒక పాత యెజ్డీ యజమాని రాస్తున్న బహిరంగ లేఖ

అయ్యా,

నన్ను మీలో చాలామంది చూసే ఉంటారు. సంచిలో గుడ్డ మూట, మూటలో పాత పిస్టన్, దాంతో డాబాగార్డెన్స్ నుంచి గాజువాక ఆటోనగర్ దాకా కౌంటర్ కౌంటరుకీ తిరిగే బాపతు మనిషిని. మూట విప్పగానే మీలో కొందరు నవ్వుతారు. కొందరు “ఇంకా ఈ బండి ఉంచారేటండీ” అంటారు. ఒకరిద్దరు మాత్రం కళ్ళజోడు సర్దుకుని పిస్టన్‌ని చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తారు. ఈ ఉత్తరం అందరికీను. మొదటి రెండు రకాల వాళ్ళు కాస్త ఓపిగ్గా చదవాలని మనవి.

మా నాన్నగారు షిప్‌యార్డులో ఫిట్టర్. 1977 నాటి యెజ్డీ 250 మీదే కంచరపాలెం నుంచి డ్యూటీకి వెళ్ళేవారు. గేర్ రాడ్డునే లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్ రాడ్డయ్యే ఆ బండి ఇప్పటి పిల్లలకు వింత, నాకు మాత్రం సాయంత్రం ఆరింటికి వీధి మలుపులో వినబడే నాన్న. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు పెరట్లో రేకుల షెడ్డు ఎగిరిపోయి, వేపకొమ్మ విరిగి బండి మీద పడింది. ఆ వారం ఊళ్ళో కరెంటు లేదు, నీళ్ళు లేవు, ఎవరి కష్టం వాళ్ళది. బండి సంగతి ఎవరికి గుర్తుంటుంది? కార్బురేటర్ గుండా పోయిన నీరు సిలిండర్‌లో అలాగే ఉండిపోయింది. మన సముద్రపు గాలి ఇనుముని ఏం చేస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. కొన్నేళ్ళకి హెడ్డు, అంటే సిలిండర్ పై మూత, విప్పి చూస్తే, పోత ఇనుప సిలిండర్ గోడ నిండా అమ్మవారు పోసినట్టు గుంటలు.

ఈ ఉత్తరం మీకే అయినా బయటివాళ్ళూ చదువుతారు కాబట్టి, వాళ్ళ కోసం రెండు ముక్కలు. యెజ్డీ 250 సిలిండర్ లోపలి కొలత, అంటే బోరు, 65 మిల్లీమీటర్లు. పిస్టన్ కిందకీ పైకీ తిరిగే దూరం 75. లెక్క కడితే 249 సీసీకి కాస్త అటూ ఇటూ వస్తుంది. గోడ అరిగినా గీతలు పడినా లేత్ దగ్గర కాస్త చెక్కించి, అంత లావు పిస్టన్ వేస్తారు. 65.25, 65.50, 65.75, 66. అంటే స్టాండర్డ్ పోతే ఇంక నాలుగే సైజులు. ఆ తర్వాత స్లీవ్, అంటే సిలిండర్ లోపల కొత్త ఇనుప గొట్టం, కొట్టించాలి, లేదా ఇంకో సిలిండర్ కోసం దేశమంతా వెతకాలి. మైసూరులో ఈ బండ్లు తయారు చేసిన ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లోనే మూతబడింది. జావా పేరు 2018లో, యెజ్డీ పేరు 2022లో మళ్ళీ మార్కెట్‌లోకి వచ్చాయి, సంతోషం. కానీ అవి నీళ్ళతో చల్లబడే ఫోర్ స్ట్రోక్ ఇంజిన్లు. మాది గాలికి చల్లబడే టూ స్ట్రోక్. ఇంటిపేరు ఒకటే, ఇంజిన్‌లో ఒక్క సామాను కలవదు. “షోరూముకెళ్ళి అడక్కపోయారా” అన్న సలహా నాకు ఇప్పటికి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడం మానేశాను.

కాబట్టి పాత సిలిండర్ అంటే బ్యాంకులో వేసుకున్న డబ్బులాంటిది. మీరు చేసే ఒక్కో పొరపాటుకి అందులోంచి పావు మిల్లీమీటరు ఖర్చవుతుంది. మా దాంట్లో మొదటి సైజు, అంటే స్టాండర్డ్ 65, నాన్నగారి కాలంలోనే వాడేశారు. రెండోది, 65.25, హుద్‌హుద్ తినేసింది. మూడోది ఎలా పోయిందో చెప్పడానికే ఈ లేఖ.

65.50 పిస్టన్ కావాలని ఒక దుకాణానికి వెళ్ళాను. పేరు ఎందుకులెండి. కౌంటర్‌లో అబ్బాయి డబ్బా తీశాడు. డబ్బా మీద కంపెనీ బొమ్మ, లోపల మెరిసిపోతున్న పిస్టన్. నా పాత దాన్నీ దీన్నీ పక్కపక్కన నిలబెట్టాడు. ఒకే లావు, పిస్టన్‌ని కింది రాడ్డుకి కలిపే పిన్ను కన్నం కూడా ఒకటే. నాకే ఎందుకో అనుమానమొచ్చి “కాస్త పొట్టిగా ఉంది కదా?” అన్నాను. “పట్టుకెళ్ళండి సార్, సెట్టయిపోద్ది” అన్నాడు. పట్టుకెళ్ళాను. నిజానికి సెట్టయింది కూడా. అక్కడే ఉంది తంటా అంతా.

ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో గాలి, పొగ దారులు తెరవడానికి వాల్వులుంటాయి. మా టూ స్ట్రోక్‌కి వాల్వులు లేవు, పిస్టనే తలుపు. పైకి కిందకి పోతూ సిలిండర్ గోడలో ఉన్న కిటికీల్ని మూస్తుంది, తెరుస్తుంది. పిన్ను కన్నం నుంచి పిస్టన్ నెత్తి దాకా ఉన్న ఎత్తు, కింద లంగా, అంటే పిస్టన్ కింది అంచు, పొడుగు, అందులో కోసిన సందులు, ఇవన్నీ కలిసి ఏ కిటికీ ఎప్పుడు తెరుచుకోవాలో నిర్ణయిస్తాయి. ఆ కొత్త పిస్టన్‌కి పిన్ను నుంచి నెత్తి దాకా ఎత్తు సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు తక్కువ. దాంతో పొగ కిటికీ ముందే తెరుచుకుంటుంది, ఆలస్యంగా మూసుకుంటుంది, కంప్రెషన్ పడిపోతుంది. బండి స్టార్టవుతుంది, చప్పుడూ బాగానే చేస్తుంది, లాగదు. ఇది నాకు తర్వాత తెలిసిన సంగతి. అప్పుడైతే “కొత్త బోరు కదా, రన్‌ఇన్ అయితే లాగుద్ది” అన్నారు, నమ్మాను.

బోరు వేసిన లేత్ వారి సంగతి ఇంకోటి. నేను పిస్టన్ ఇస్తానంటే “అక్కర్లేదండీ, 65.50 కదా, మాకు తెలుసు” అని సిలిండర్ ఒక్కటే ఉంచుకున్నారు. మర్నాటికి బోరు రెడీ. పిస్టన్ లోపలికి బిగువుగా దిగింది. “టైట్‌గా ఉంటేనే మంచిది, ఎక్కువ రోజులొస్తుంది” అన్నారు. ఈ మాట ఊళ్ళో ఎవరు పుట్టించారో గానీ, ఎన్ని ఇంజిన్లు దీనికి బలయ్యాయో. అల్యూమినియం వేడికి ఇనుముకన్నా దాదాపు రెండింతలు ఉబ్బుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఇద్దరి మధ్య తల వెంట్రుకంత సందైనా లేకపోతే, వేడెక్కాక పిస్టన్ ఎటు పోతుంది?

ఎటూ పోలేదు. బండి బాగుపడిందన్న సంబరంలో సింహాద్రి అప్పన్న దగ్గర పూజ చేయిద్దామని బయల్దేరాను. అడవివరం దాటి ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే లాగడం లేదని యాక్సిలరేటర్ ఇంకాస్త తిప్పాను. రెండో మలుపులో వెనక చక్రం కీచుమని పట్టేసింది. క్లచ్ నొక్కాను కాబట్టి పడలేదు. నిమ్మకాయలు, కొబ్బరికాయ సంచిలోనే ఉన్నాయి. దర్శనం కాకుండానే న్యూట్రల్‌లో కొండ దిగాను. బండి ఎక్కినప్పటికంటే దిగినప్పుడే బాగా నడిచింది.

మూడో సైజు అలా పోయింది.

తప్పు ఎవరిది అంటే నేను ఒకరిని చూపించలేను. దుకాణం వారు “మా పిస్టన్ 65.50యే, కొలుచుకోండి” అన్నారు. నిజమే. లేత్ వారు “మా బోరు కరెక్టు, పిస్టన్ లావు” అన్నారు. మెకానిక్ “వాళ్ళిద్దరూ ఇచ్చిందే నేను బిగించాను” అన్నాడు. ముగ్గురూ నిజమే చెప్పారు, బండి మాత్రం కొండ దగ్గర ఆగిపోయింది.

ఈసారి 65.75 కోసం వేరే ఊరి నుంచి పార్సిల్ తెప్పించాను. ఢిల్లీ కరోల్ బాగ్ మాల్, చెన్నై పుదుపేట మాల్ అని మీరంతా అంటుంటారు కదా, ఆ దారుల్లో వచ్చిందే. దెబ్బ తిన్నవాడిని కాబట్టి ఈసారి వెర్నియర్ కొనుక్కున్నాను. ఎత్తు సరిపోయింది, లావు సరిపోయింది. పిస్టన్ చుట్టూ వేసే రింగు గాడిలో ఉండే చిన్న మొలలు మాత్రం వేరే చోట ఉన్నాయి. ఆ మొల పని, రింగు కొసలు గోడ మీదే నడిచేలా, కిటికీ మీదికి తిరిగిపోకుండా ఆపడం. బాణం గుర్తు సైలెన్సర్ వైపు పెట్టి సిలిండర్‌లోకి దించి చూస్తే, రింగు కొసలు సరిగ్గా కిటికీ మధ్యకొచ్చి కూర్చున్నాయి. బిగించి ఉంటే రింగు కొస కిటికీ అంచుకి తగులుకుని విరిగేది, ఆ ముక్క గోడని గీరేది, నాలుగో సైజు కూడా పోయేది. పంపినవారు వెనక్కి తీసుకోలేదు. అది నా దగ్గరే ఉంది, దాని సంగతి చివర్లో చెప్తాను.

ఆ తర్వాత దొరికింది ఒక సరైన పిస్టన్, వేరే యెజ్డీ ఆయన దగ్గర దాచి ఉంచింది. దాన్ని పట్టుకుని కంచరపాలెంలోనే ఒక పెద్దాయన దగ్గరకు వెళ్ళాను. షిప్‌యార్డులో టర్నర్‌గా చేసి రిటైరయ్యారు. సిలిండర్ చూపిస్తే ఆయన అడిగిన మొదటి మాట: “పిస్టన్ ఏదీ?” ఇచ్చాను. “దీన్ని చూడకుండా ఇంతకు ముందు బోరేసినోడు ఎవడు?” అని అడిగి, జవాబు కోసం ఆగలేదు. మైక్రోమీటరు తీసి పిస్టన్ నెత్తి దగ్గర కొలిచారు, నడుం దగ్గర కొలిచారు, పిన్నుకి అడ్డంగా లంగా కింద కొలిచారు. మూడు చోట్లా మూడు కొలతలు. పిస్టన్ అసలు గుండ్రంగా ఉండదు బాబూ, అన్నారు. నెత్తి దగ్గర వేడెక్కువ కాబట్టి అక్కడ సన్నం, పిన్ను వైపు లోహం ఎక్కువ కాబట్టి అటు సన్నం, వేడెక్కాకే అది గుండ్రమవుతుంది. నలభై ఏళ్ళు పిస్టన్లు చూస్తున్నాను గానీ అది కోడిగుడ్డు చుట్టమని నాకు ఆ రోజే తెలిసింది.

లంగా దగ్గరి కొలతని లెక్కలోకి తీసుకుని, దానికి మిల్లీమీటరులో వందో వంతులు ఆరు కలిపి, అంటే 0.06 మిల్లీమీటరు సందుతో బోరు వేశారు. హోనింగ్ చేసి అడ్డంగా సన్నటి గీతలు పెట్టారు, ఆయిల్ నిలవడానికి. కిటికీల అంచులు పదును లేకుండా చిన్న రాయితో రుద్దారు. రింగుని సిలిండర్‌లో పెట్టి కొసల మధ్య ఫీలర్ గేజ్ దూర్చి చూశారు, పావు మిల్లీమీటరు. ఇంత చేసి కాగితం ముక్క మీద నాలుగు కొలతలూ రాసిచ్చారు. కూలీ మిగతావాళ్ళంతే తీసుకున్నారు. కాగితం ఇప్పుడు బండి టూల్ బాక్సులో ఉంది.

మన ఊరికి కొలవడం రాదా? 1948లో జలఉష ఓడని నీళ్ళలోకి దింపిన ఊరు ఇది. షిప్‌యార్డు, బీహెచ్‌పీవీ, స్టీల్‌ప్లాంట్, రైల్వే, నేవీ, ఎటు చూసినా మిల్లీమీటరులో వందో వంతుతో కాపురం చేసే మనుషులే. కంచరపాలెం ఐటీఐలో, పాలిటెక్నిక్‌లో ఏటా పిల్లలకి వెర్నియర్ చూడటం నేర్పుతున్నారు. ఆ పిల్లలే రేపు మీ షాపుల్లో చేరాక కంటితో చూసి “సెట్టయిపోద్ది” అనేస్తుంటే నాకు బాధగా ఉంటుంది. పిస్టన్ కిట్ కన్నా వెర్నియర్ చవక. కౌంటర్ మీద ఒకటి పెట్టండి. మీరు కొలవకపోయినా పరవాలేదు, మమ్మల్ని కొలుచుకోనివ్వండి. సీల్ విప్పితే కొన్నట్టే అనే నియమం సబ్బులకి పెట్టుకోండి, పిస్టన్‌కి వద్దు.

లోకల్ మాల్ అమ్మడం తప్పని నేననను. ఫ్యాక్టరీ మూతబడి ముప్పై ఏళ్ళు కావస్తుంటే లోకల్ తప్ప ఏముంటుంది? లూధియానాలోనో ఇంకెక్కడో ఎవరో పోత పోస్తున్నారు కాబట్టే మా బండ్లు తిరుగుతున్నాయి. లోకల్‌ని లోకల్ అని చెప్పి అమ్మండి, అంతే. మంచి లోకల్‌కి మేం డబ్బులిస్తాం. కంపెనీ డబ్బాలో పెట్టిన లోకల్‌కి కూడా ఇస్తాం, కానీ అది ఒక్కసారే.

బేరింగుల విషయంలో మాత్రం మనం అదృష్టవంతులం, వాటికి ఏ కంపెనీ గుత్తా లేదు. నంబరు ఒకటైతే ప్రపంచమంతా కొలత ఒకటే. 6305 అంటే లోపల 25, బయట 62, మందం 17. 6205 అంటే లోపల అదే 25, బయట మాత్రం 52, మందం 15. చివరి రెండంకెలు 04 గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే, వాటిని ఐదుతో గుణిస్తే షాఫ్టు లావు వచ్చేస్తుంది. ఇంత తేలికైన దానిలో కూడా గొడవ ఎక్కడంటే, నంబరు తర్వాత ఉండే సీ3 అనే ముక్క దగ్గర. “అది ఉన్నా లేకున్నా ఒకటేనండీ” అంటారు. ఒకటి కాదు. సీ3 అంటే లోపల ఉక్కు గుండ్లకి సందు కాస్త ఎక్కువ అని అర్థం, వేడెక్కే క్రాంక్‌కి, అంటే పిస్టన్ తిప్పే ఇరుసుకి, ఆ సందు కావాలి. పాత బేరింగ్ మీద సీ3 ఉంటే సీ3యే ఇవ్వండి. లేకపోతే లేదనండి, తెప్పించుకుంటాం.

ఆయిల్ సీళ్ళ గురించి, అంటే ఆయిల్, గాలి కారకుండా ఆపే రబ్బరు రింగుల గురించి, ఒక మాట. పాత స్టాక్ అంటే మాకు పిచ్చి, నిజమే. గ్రీజు కాగితంలో చుట్టిన మైసూరు నాటి రింగో పిన్నో కనబడితే గుడి ప్రసాదంలా కళ్ళకద్దుకుంటాం. ఇనుము విషయంలో ఆ భక్తి సరే. రబ్బరు అలా కాదు, వాడకపోయినా డబ్బాలోనే గట్టిపడిపోతుంది. ముప్పై ఏళ్ళ నాటి సీలు ‘ఒరిజినల్’ అని మాకు ఎక్కువ ధరకి అమ్మకండి, మేం అడిగినా సరే. క్రాంక్‌కి క్లచ్ వైపు సీలు పోతే ఇంజిన్ గేర్ ఆయిల్ తాగి తెల్లపొగ కక్కుతుంది. డైనమో వైపు పోతే పొగ కూడా రాదు, దొంగగాలి పీల్చి మిశ్రమం పలచనై, వేడెక్కి, నాకు కొండ మీద అయినట్టే అవుతుంది. పైగా ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం ఇథనాల్. 1977లో సీలు చేసినవాడికి ఈ సంగతి కలలో కూడా తెలీదు. లోపల, బయట, మందం, ఈ మూడు కొలతలు సరిపోయే కొత్త విటాన్ సీలు, అంటే వేడికీ పెట్రోలుకీ తట్టుకునే రబ్బరుది, ఉంటే అదే ఇవ్వండి.

మెకానిక్ సోదరులకి ఒకే మనవి. విప్పిన పాత సామాను మాకు తిరిగివ్వండి. “పాడైపోయింది, పారేశాం” అంటే మాకు గుండె ఆగుతుంది. అరిగిన పిస్టన్ ఇంజిన్‌కి పనికిరాకపోవచ్చు, కానీ కొత్తది కొనడానికి మా దగ్గరున్న కొలబద్ద అదొక్కటే. అది కాటా బరువులో పోతే మేం గుడ్డివాళ్ళమే.

మా తప్పులూ ఉన్నాయి. పాత ముక్క తేకుండా ఫోన్‌లో మసక ఫొటో చూపించి “ఇలాంటిది” అంటాం. ఇంజిన్ నంబరు అడిగితే తెల్లమొహం వేస్తాం. మోడల్ అడిగితే “నీలం రంగుది” అన్న మనిషిని నా కళ్ళతో చూశాను. గంటసేపు డబ్బాలన్నీ విప్పించి, బేరమాడి, చివరికి కొనకుండా పోతాం. మీకు మా మీద విసుగు రావడంలో ఆశ్చర్యం లేదు. నెలకి ఒక్కడు అడిగే సామానుకి అర గోడ కేటాయించమని అడగడం కూడా న్యాయం కాదు.

అందుకే ఇంకో మాట. ఈ మధ్య పాత దుకాణం ఒకటి మూసేశారని తెలిసి పరుగెత్తాను. పెద్దాయన పోయారు, పిల్లలకి ఆ వ్యాపారం మీద ఆసక్తి లేదు. అటక మీది రేకు డబ్బాలన్నీ ముందు రోజే ఇనుప సామానువాడికి కిలోల్లెక్కన ఇచ్చేశారట. అందులో జావావి, రాజ్‌దూత్‌వి, పాత బుల్లెట్‌వి ఉండేవని పక్క షాపాయన చెప్పారు. ఆ పిల్లల్ని ఏమనగలం? వాళ్ళకి అవి తుప్పు డబ్బాలు. మీలో ఎవరైనా అటక దులిపే రోజు వస్తే, ఊళ్ళో ఏ పాత బండి మెకానిక్ చెవినైనా ఒక్క మాట వేయండి. కిలోల ధర కన్నా మేం ఎక్కువే ఇస్తాం, మోసుకుపోవడం కూడా మేమే చేసుకుంటాం.

2021లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన నియమాల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నాటి నుంచి యాభై ఏళ్ళు దాటిన బండిని వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. చాసిస్‌లో గానీ ఇంజిన్‌లో గానీ పెద్ద మార్పులు చేయకుండా అసలు రూపంలో ఉంచాలి. అలా నమోదైతే రోజూ రోడ్డు మీద తిప్పకూడదన్న షరతూ ఉంది, అది నాకంత రుచించలేదు. మా బండికి 2027తో యాభై నిండుతాయి. నమోదు చేయిస్తానో లేదో అప్పటికి చూసుకుంటాను. ఈలోగా “ఆ ఇంజిన్ తీసేసి వేరేది పెట్టించెయ్యండి సార్, మైలేజీ కూడా వస్తది” అనే సలహా దయచేసి ఇవ్వకండి.

ప్రస్తుతం బండి 65.75 మీద నడుస్తోంది. పోయిన నెల అప్పన్న దర్శనం అయింది, ఆ రెండో మలుపులో ఆగకుండానే. ఇంక మిగిలింది 66 ఒక్కటే.

నా దగ్గరున్న పార్సిల్ పిస్టన్ సంగతి చెప్తానన్నాను. కొత్తది, ఒక్కసారి కూడా బిగించలేదు. రింగులు, పిన్ను, లాకులు అన్నీ ఉన్నాయి. ఏ మోడల్‌దో నాకు తెలీదు కాబట్టి ఏ పేరూ చెప్పను. లంగా దగ్గర లావు, పిన్ను నుంచి నెత్తి ఎత్తు, పిన్ను లావు, మొలలు ఎక్కడున్నాయో బొమ్మ, అన్నీ కాగితం మీద రాసి డబ్బాలో పెట్టాను. రేపటి నుంచి అది కంచరపాలెం టర్నర్ పెద్దాయన షెడ్డులోనే ఉంటుంది. మీ దగ్గరికి ఎవరైనా 65.75 అడుగుతూ వస్తే అక్కడికి పంపండి. వచ్చేటప్పుడు వాళ్ళ సిలిండర్ తెచ్చుకోమనండి, ఆయన అది చూడకుండా డబ్బా చేతికివ్వరు.

ఇట్లు,
ఒక పాత యెజ్డీ యజమాని,
కంచరపాలెం, విశాఖపట్నం